ఇంట్లో గేమ్స్‌కీ సినిమాలకీ ప్రొజెక్టర్: తరచుగా అడిగే ప్రశ్నలు

కింద చెప్పిన లెక్కలన్నీ 100 అంగుళాల తెరకి. ఆ తెర వెడల్పు సుమారు 87 అంగుళాలు, ఎత్తు 49. ముందు టేపు తీసుకుని మీ గోడ వెడల్పు, గది పొడవు, ఫ్యాన్ గోడకి ఎంత దూరంలో ఉందో కొలిచి రాసిపెట్టుకోండి. మోడల్ పేర్ల సంగతి తర్వాత.

ప్రొజెక్టర్ కొనాలా, ఆ డబ్బుతో పెద్ద టీవీ తెచ్చుకోవాలా?

పొద్దున వార్తలు, మధ్యాహ్నం సీరియల్, సాయంత్రం క్రికెట్ అంటూ హాల్లో రోజంతా ఏదో ఒకటి నడిచే ఇల్లయితే టీవీయే తీసుకోండి. ప్రొజెక్టర్ వెలుగు వేయగలదు గానీ నలుపు వేయలేదు. తెర మీద మనకి నలుపుగా కనిపించేది గదిలో ఉన్న చీకటే. కిటికీలోంచి ఎండ పడుతుంటే ఆ నలుపు కాస్తా బూడిదరంగు అవుతుంది, సినిమాలో రాత్రి సీన్లన్నీ వెలిసిపోతాయి. లక్షలు పోసి కొన్నదానికైనా ఇదే పరిస్థితి.

రాత్రి భోజనాలయ్యాక లైట్లు ఆర్పి చూసేవాళ్లూ, ఒక గదికి మందపాటి కర్టెన్లు వేసుకోగలిగినవాళ్లూ నిశ్చింతగా కొనొచ్చు. 65 అంగుళాల టీవీతో పోలిస్తే 100 అంగుళాల బొమ్మ వైశాల్యంలో రెండు రెట్లకు పైనే ఉంటుంది. ఉన్న టీవీని అమ్మేసి దాని చోట ప్రొజెక్టర్ పెట్టే ఆలోచన మాత్రం వద్దు. వార్తలు పెట్టుకోవడానికి మీ నాన్నగారు రోజూ మిమ్మల్నే పిలవాల్సి వస్తుంది.

ఒకదాని మీద 12,000 ల్యూమెన్స్ అని ఉంది, ధర పదివేలే. ఇంకోదాని మీద 3,000 అని ఉంది, ధర లక్ష దగ్గర. ఏది నమ్మాలి?

రెండోదాన్ని. ల్యూమెన్స్ అంటే ప్రొజెక్టర్ వేసే వెలుగుకి కొలత. మొదటి అంకె పక్కన ‘ఆన్సీ’ అనిగానీ ‘ఐఎస్ఓ’ అనిగానీ (ఈ రెండూ వెలుగు కొలిచే ప్రమాణాలు) లేకపోతే దాన్ని అసలు లెక్కలోకే తీసుకోకండి. ఆన్సీ పద్ధతిలో తెల్లటి తెరని తొమ్మిది భాగాలు చేసి, ఒక్కో భాగం మధ్యలో వెలుతురు కొలిచి సగటు తీస్తారు. కొలిచేది తెర మీద పడిన వెలుగు కాబట్టి దాన్ని పోల్చి చూడొచ్చు. ఉత్త ‘ల్యూమెన్స్’, ‘ఎల్‌ఈడీ ల్యూమెన్స్’ అని రాసేవాళ్లు ఏం కొలిచారో, ఎలా కొలిచారో ఎక్కడా చెప్పరు. పదివేల రూపాయల పెట్టెలోంచి నిజంగా బయటికొచ్చేది చాలాసార్లు 100 నుంచి 300 ఆన్సీ ల్యూమెన్స్.

మరి ఎంత కావాలి? లెక్క మీరే వేసుకోవచ్చు. 100 అంగుళాల తెర వైశాల్యం దాదాపు 30 చదరపు అడుగులు. తెల్లటి మామూలు తెర మీద చదరపు అడుగుకి ఒక ల్యూమెన్ పడితే దాన్ని ఒక ఫుట్-లాంబర్ట్ అంటారు. థియేటర్లలో డిజిటల్ సినిమాకి పెట్టుకున్న ప్రమాణం 14. అంటే కటిక చీకటిలో 30 ఇంటూ 14, సుమారు 420 ల్యూమెన్స్ తెర మీద పడితే థియేటర్ వెలుగు వచ్చినట్టే. ఇంతేనా అనిపిస్తుంది. కానీ పెట్టె మీది అంకె అన్నిటికంటే ప్రకాశవంతమైన మోడ్‌లో కొలిచింది, ఆ మోడ్‌లో మనుషుల మొహాలు ఆకుపచ్చగా కనిపిస్తాయి. రంగులు సరిగ్గా ఉండే సినిమా మోడ్‌కి మారితే మూడో వంతు దాకా పోవచ్చు. ఎకో మోడ్ పెడితే ఇంకాస్త, ల్యాంప్ పాతబడితే మరికాస్త.

అందుకే చీకటి గదిలో సినిమాలకి 800 నుంచి 1,000 ఆన్సీ హాయిగా సరిపోతుంది. గేమ్స్ ఆడేటప్పుడు ఒక చిన్న లైటు వెలిగించుకునే అలవాటుంటే 2,000 చూసుకోండి. పక్కన వంటగది లైటు వెలుగుతూ పిల్లలు తిరిగే హాలైతే 3,000. 120 అంగుళాల తెరకి వైశాల్యం దాదాపు 43 చదరపు అడుగులవుతుంది కాబట్టి ఈ అంకెలన్నిటినీ ఒకటిన్నర చేయండి.

మా బెడ్‌రూమ్ పది బై పన్నెండు. సరిపోతుందా?

ప్రతి ప్రొజెక్టర్ స్పెసిఫికేషన్‌లోనూ త్రో రేషియో అని ఉంటుంది. తెర వెడల్పుని దాంతో గుణిస్తే లెన్స్ ఎంత దూరంలో ఉండాలో తెలుస్తుంది. 1.2 ఉన్నదానికి 87 అంగుళాల వెడల్పు రావాలంటే 8 అడుగుల 8 అంగుళాలు. 1.5 అయితే దాదాపు 11 అడుగులు. పన్నెండు అడుగుల గదిలో వెనక పెట్టె పొడవు, వైర్లకి చోటు, గాలాడటానికి ఖాళీ తీసేస్తే 1.5 ఉన్నది ఇరుకే. 0.8 ఉన్న షార్ట్ త్రో అయితే ఆరడుగుల లోపే సరిపెట్టుకోవచ్చు. గోడకి ఆనుకుని టేబుల్ మీద కూర్చునే అల్ట్రా షార్ట్ త్రో రకానికి రెండడుగులు కూడా అక్కర్లేదు, కాకపోతే దాని ధరా ఎక్కువే, దానికి పెట్టాల్సిన తెర ధరా ఎక్కువే.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది, విదేశీ వీడియోల్లో ఎవరూ చెప్పరు: సీలింగ్ ఫ్యాన్. గది మధ్యలో ఫ్యాన్ తిరుగుతుంటుంది, వెనక గోడ దగ్గర పైకప్పుకి బిగించిన ప్రొజెక్టర్ వెలుగు రెక్కల మధ్య నుంచి వెళ్తుంది. తెర పైభాగమంతా టపటపా మినుకుమంటుంది. బిగించే ముందు లెన్స్ వచ్చే చోటు నుంచి తెర పై రెండు మూలలకీ దారం లాగి చూడండి, రెక్క తగులుతుందో లేదో ఇట్టే తేలిపోతుంది. తగిలితే ప్రొజెక్టర్‌ని ఫ్యాన్‌కి ముందుకి తెచ్చేలా తక్కువ త్రో ఉన్నది తీసుకోవాలి, లేదా వెనక గోడకి షెల్ఫ్ కొట్టించి ఫ్యాన్ కంటే కిందకి దించాలి.

పక్కన ఎక్కడో పెట్టి ఆటో కీస్టోన్‌తో సరిచేసుకోవచ్చు కదా?

చేసుకోవచ్చు, కానీ ఊరికే రాదు. కీస్టోన్ అంటే వంకరగా పడే బొమ్మని లోపలే ఎదురు వంకర తిప్పడం. లోపల బొమ్మ తయారుచేసే ప్యానెల్ అంచుల్లో కొన్ని పిక్సెల్స్ వాడకుండా వదిలేస్తుంది, మిగిలినవాటిలో బొమ్మని కుదిస్తుంది. అక్షరాలు మెత్తబడతాయి, గేమ్స్‌లో ఆలస్యం పెరుగుతుంది. లెన్స్ షిఫ్ట్ ఉన్న మోడల్‌లో గాజు కటకమే జరుగుతుంది కాబట్టి ఈ నష్టం ఉండదు. అది లేకపోతే ప్రొజెక్టర్‌ని తెరకి సరిగ్గా ఎదురుగా పెట్టి కీస్టోన్ సున్నాలో ఉంచండి.

‘4కే సపోర్ట్’ అంటే 4కేనా?

కాదు. 4కే (3840 ఇంటూ 2160 పిక్సెల్స్) వీడియో పంపితే తీసుకుంటుందని మాత్రమే. చూపించేది దాని సొంత రిజల్యూషన్‌లోనే, అంటే దానికున్న పిక్సెల్స్ లెక్కలోనే. స్పెసిఫికేషన్‌లో ‘నేటివ్ రిజల్యూషన్’ అన్న వరుస వెతకండి. అక్కడ 1280 ఇంటూ 720 అని ఉంటే 4కే సినిమా వేసినా కనిపించేది 720పీయే. ఆ వరుసే లేకపోతే ఇంకా అనుమానించాలి.

మధ్యరకం ఒకటుంది. చాలా డీఎల్‌పీ (సూక్ష్మమైన అద్దాల చిప్‌తో పనిచేసే రకం, వివరం కింద ఉంది) ‘4కే’ ప్రొజెక్టర్లలో 1920 ఇంటూ 1080 చిప్ ఉంటుంది. ప్రతి పిక్సెల్‌నీ కళ్లకి అందనంత వేగంగా నాలుగు చోట్లకి జరిపి 83 లక్షల పిక్సెల్స్ వేస్తుంది. ఇది మోసం కాదు, బొమ్మ నిజంగానే పదునుగా ఉంటుంది. జరపాల్సిన పని లేకుండా ప్యానెల్‌లోనే అన్ని పిక్సెల్స్ విడివిడిగా ఉన్న అసలైన 4కే కావాలంటే సోనీ, జేవీసీల వైపు వెళ్లాలి, అది వేరే బడ్జెట్.

నా ఉద్దేశం అడిగితే, పాతిక ముప్ఫై వేల లోపు 4కే మాటే ఎత్తొద్దు. నిజాయతీగా 500 పైన ఆన్సీ ల్యూమెన్స్ ఇచ్చే నేటివ్ 1080పీ (1920 ఇంటూ 1080) దొరికితే అదే గొప్ప.

గేమ్స్‌కి ముఖ్యంగా ఏం చూడాలి?

ఇన్‌పుట్ లాగ్. బటన్ నొక్కిన క్షణానికీ తెర మీద కదలిక కనిపించిన క్షణానికీ మధ్య ప్రొజెక్టర్ తినేసే సమయం. 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 60 ఫ్రేమ్స్ వేసేటప్పుడు, ఒక ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు, 120లో 8.3. లాగ్ 20 దరిదాపుల్లో ఉంటే షూటింగ్ గేమ్స్ కూడా సాఫీగా ఆడొచ్చు. 40 దాటితే కార్ రేసుల్లో మలుపు దగ్గర తేడా తెలుస్తుంది. 100 దాటితే క్యాండీలు సర్దే గేమ్స్ తప్ప ఇంకేదీ ఆడబుద్ధి కాదు. గేమింగ్ కోసమే తయారైనవి ఎంత బాగుంటాయంటే, బెన్‌క్యూ ఎక్స్3000ఐకి కంపెనీ చెప్పే లెక్క 4కే 60 హెర్ట్జ్‌లో 16 మిల్లీసెకన్లు, 1080పీ 240 హెర్ట్జ్‌లో 4. చాలా స్మార్ట్ ప్రొజెక్టర్లు ఈ అంకెని బయటపెట్టవు. పెట్టలేదంటే బాగోలేదనే అనుకోండి.

‘రెస్పాన్స్ టైమ్ 1 మిల్లీసెకన్’ అని రాస్తే బోల్తా పడకండి. అది పిక్సెల్ రంగు మారే వేగం, లాగ్‌కీ దానికీ సంబంధం లేదు.

ఇంటికొచ్చాక మీరే కొలవొచ్చు. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో 240 ఫ్రేమ్స్‌లో పెట్టి, కంట్రోలర్ మీద మీ బొటనవేలూ తెరా రెండూ ఫ్రేమ్‌లో పడేలా ఫోన్‌ని ఎక్కడైనా ఆనించండి. గేమ్‌లో ఎగిరే బటన్ నొక్కండి. తర్వాత వీడియోని ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ, వేలు బటన్‌ని కిందికి నొక్కిన ఫ్రేమ్ నుంచి బొమ్మ నేల వదిలిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేమ్ సుమారు 4 మిల్లీసెకన్లు. ఇందులో గేమ్ సొంత ఆలస్యం కూడా కలిసి ఉంటుంది కాబట్టి అదే గేమ్‌ని ఒక మానిటర్ మీద కూడా తీసి, రెండింటి తేడా చూడండి. కొలిచేటప్పుడు లాగ్ తగ్గించే గేమ్ మోడ్ ఆన్, కీస్టోన్ సున్నా, కదలికల్ని నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ లాంటివన్నీ ఆఫ్.

ఫోన్ నుంచి వైఫైలో మిర్రర్ చేసి ఆడాలనుకుంటే మాత్రం ఈ లెక్కలన్నీ వృథా. కేబుల్ పెట్టాల్సిందే.

ప్లేస్టేషన్ 5కి హెచ్‌డీఎంఐ 2.1 ఉండాలా?

4కేలో 120 హెర్ట్జ్ కావాలంటేనే. హెచ్‌డీఎంఐ అంటే వీడియో కేబుల్ పెట్టే పోర్టు, 2.0, 2.1 దాని రకాలు. 4కే 60 గానీ 1080పీ 120 గానీ హెచ్‌డీఎంఐ 2.0లో వచ్చేస్తాయి. ప్రొజెక్టర్ కూడా 120 హెర్ట్జ్ తీసుకోగలదో లేదో విడిగా చూసుకోండి, పోర్టు ఉన్నంత మాత్రాన సరిపోదు.

హెచ్‌డీఆర్ ఉందంటున్నారు, టీవీలా మెరుస్తుందా?

హెచ్‌డీఆర్ అంటే వెలుగునీ చీకటినీ ఎక్కువ తేడాతో చూపించే వీడియో. 1,000 ల్యూమెన్స్‌ని 100 అంగుళాల మీద పరిస్తే తెర వెలుగు 115 నిట్స్ (తెర ప్రకాశానికి కొలత) దగ్గర ఆగిపోతుంది. మంచి హెచ్‌డీఆర్ టీవీలు 600, 1,000 నిట్స్ దాటతాయి. చవక ప్రొజెక్టర్లో హెచ్‌డీఆర్ పెడితే బొమ్మ మెరవడం అటుంచి చీకటిగా మారడమే ఎక్కువ. అలా అయితే గేమ్ కన్సోల్‌లోనే హెచ్‌డీఆర్ ఆపేయండి.

డీఎల్‌పీ మంచిదా, ఎల్‌సీడీ మంచిదా?

డీఎల్‌పీ అంటే లక్షల సూక్ష్మమైన అద్దాలున్న చిప్. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ల్యారీ హార్న్‌బెక్ 1987లో కనిపెట్టారు. ఇళ్లలో వాడే వాటిలో ఒకే చిప్ ఉంటుంది కాబట్టి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని తర్వాత ఒకటి వేస్తుంది, మన కళ్లు వాటిని కలిపేసుకుంటాయి. కొందరి కళ్లు కలపవు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వస్తున్నప్పుడు చూపు ఇటు నుంచి అటు తిప్పితే వాళ్లకి రంగుల చారలు తళుక్కుమంటాయి. దీన్నే రెయిన్‌బో ఎఫెక్ట్ అంటారు. ఇంట్లో ఎవరికి కనిపిస్తుందో కొనకముందే తెలుసుకోవాలి, షాపుకి అందర్నీ తీసుకెళ్లండి. వాళ్లకి తలనొప్పి వస్తే మీకెంత నచ్చినా లాభం లేదు.

ఎప్సన్ వాడే త్రీ-ఎల్‌సీడీలో మూడు రంగులకీ మూడు ప్యానెల్స్, చారల సమస్య లేదు, రంగుల వెలుగూ తగ్గదు. గేమ్స్‌కి ఎక్కువ హెర్ట్జ్, తక్కువ లాగ్ మాత్రం ఎక్కువగా డీఎల్‌పీలోనే దొరుకుతాయి. పాతిక వేల లోపు అమ్మేవి చాలావరకు ఒకే ఎల్‌సీడీ ప్యానెల్, వెనక ఎల్‌ఈడీ. వాటిని త్రీ-ఎల్‌సీడీతో కలిపి చూడొద్దు.

ల్యాంప్, ఎల్‌ఈడీ, లేజర్: ఏది ఎన్నాళ్లు?

ల్యాంప్ మామూలు మోడ్‌లో నాలుగైదు వేల గంటలు, ఆ తర్వాత కొత్తది కొనాలి. ఎల్‌ఈడీ, లేజర్ సాధారణంగా 20,000 గంటలు, ఆపైన. రోజుకి మూడు గంటలు చూస్తే 20,000 గంటలంటే పద్ధెనిమిదేళ్లు, ఈలోపు వేరే ఏదో భాగం పాడవడమే జరుగుతుంది. వారానికి రెండు సినిమాలు చూసే ఇంటికి ల్యాంప్ ఏమీ నష్టం కాదు, అదే ధరకి వెలుగు ఎక్కువొస్తుంది.

తెర కొనాలా, గోడ చాలదా?

మొదటి కొన్ని నెలలు గోడే చాలు. ఏ సైజు మీ కళ్లకి హాయిగా ఉందో, ఎంత ఎత్తులో కావాలో గోడ మీద చూసుకుని తర్వాత తెర కొంటే డబ్బు కలిసొస్తుంది. పది అడుగుల దూరంలో కూర్చుంటే 100 అంగుళాలు థియేటర్ మధ్య వరసలో కూర్చున్నట్టుంటుంది. గేమ్స్ ఆడేవాళ్లకి అంత దగ్గరైతే మూలన ఉన్న మ్యాప్ చూడటానికి తల తిప్పాల్సి వస్తుంది, ఇంకో రెండడుగులు వెనక్కి జరగండి.

గోడ నున్నగా ఉందో లేదో పగలు తెలియదు. రాత్రి లైట్లార్పి ఫోన్ టార్చ్‌ని గోడకి ఆనించి పక్కకి వెలిగించండి. లప్పం సరిగ్గా పట్టని చోట్ల నీడలు పొడుచుకొస్తాయి. కెమెరా పక్కకి కదిలే సీన్లలో, ముఖ్యంగా ఆకాశం కనిపించేటప్పుడు, ఆ గుంతలన్నీ బొమ్మలో తేలతాయి. పెయింటర్‌తో లప్పం రెండు పూతలు పెట్టించి, సాండ్ పేపర్ కొట్టించి, మెరుపు లేని తెల్ల ఎమల్షన్ వేయిస్తే మంచి తెరకి దగ్గర్లో ఉంటుంది. మెరిసే పెయింట్ వద్దు. ఖాళీ ఫ్లెక్సీ తెచ్చి కట్టే సలహా కూడా చాలామంది ఇస్తుంటారు. దాని మెరుపు వల్ల మధ్యలో ఒక వెలుగు మచ్చ కనిపిస్తూ ఉంటుంది.

గది లైట్లని తట్టుకునే ఏఎల్ఆర్ తెరల విషయంలో జాగ్రత్త. అల్ట్రా షార్ట్ త్రో కోసం చేసిన తెర కింద నుంచి వచ్చే వెలుగునే మన వైపు తిప్పుతుంది. మామూలు ప్రొజెక్టర్‌తో దాన్ని వాడితే బొమ్మ మసకబారుతుంది.

సినిమా వేస్తే పైనా కిందా నల్ల పట్టీలు వస్తున్నాయి. పాడైందా?

పాడవలేదు. ప్రొజెక్టర్ బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:9, మన పెద్ద సినిమాలు చాలావరకు స్కోప్‌లో, అంటే 2.39:1లో ఉంటాయి. 1974లో అల్లూరి సీతారామరాజు తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రంగా వచ్చినప్పటి నుంచీ మన ప్రేక్షకులకి ఆ వెడల్పంటే ఇష్టం. 100 అంగుళాల తెర మీద స్కోప్ సినిమా ఎత్తు 49 కాకుండా 36 అంగుళాలే వస్తుంది. బొమ్మని సాగదీసి తెర నింపే ఆప్షన్ ఉంటుంది, అది నొక్కితే హీరో సన్నబడిపోతాడు.

నెట్‌ఫ్లిక్స్ పనిచేయడం లేదు, లేదా మసగ్గా వస్తోంది.

లోపల ఆండ్రాయిడ్ ఉన్నంత మాత్రాన ఓటీటీ లైసెన్స్ ఉన్నట్టు కాదు. వైడ్‌వైన్ ఎల్1 (వీడియోని కాపీ కానివ్వని రక్షణలో పై స్థాయి) సర్టిఫికేషన్ లేని పరికరానికి చాలా ఓటీటీలు 480పీ మాత్రమే పంపుతాయి. ఒక ఫైర్ టీవీ స్టిక్ కొని హెచ్‌డీఎంఐకి పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది. ప్రొజెక్టర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్‌ని చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి, రెండేళ్లలో దాని అప్‌డేట్లు ఆగిపోయే అవకాశమే ఎక్కువ.

సౌండ్ సంగతి?

లోపలి స్పీకర్ మాటలు వినడానికి పనికొస్తుంది, బీజీఎంకి కాదు. సౌండ్‌బార్‌ని హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (సౌండ్‌ని బయటికి పంపగల హెచ్‌డీఎంఐ పోర్టు) ద్వారా కలపండి. బ్లూటూత్‌లో 100 నుంచి 200 మిల్లీసెకన్లు ఆలస్యం మామూలే: సినిమాలో పెదాలకీ మాటకీ పొంతన తప్పుతుంది, గేమ్‌లో తుపాకీ పేలాక చప్పుడు వస్తుంది.

వేడికీ దుమ్ముకీ తట్టుకుంటుందా?

చాలా మాన్యువల్స్‌లో 40 డిగ్రీల వరకే నడపమని ఉంటుంది, కొన్నిట్లో 35. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల మే నెలలో 45 చేరే రోజులుంటాయి. పై అంతస్తు గదిలో, పైకప్పుకి ఆనుకుని బిగించినదానికి ఇంకా కష్టం. ఏసీ లేని గదిలో వేసవి మధ్యాహ్నాలు దాన్ని వదిలేయండి. అటక మీద సామాన్ల మధ్య పెట్టేవాళ్లు చుట్టూ జానెడు ఖాళీ ఉంచాలి.

ఫిల్టర్ ఉన్న మోడల్‌కి నెలకోసారి దుమ్ము దులపండి. చవక ఎల్‌ఈడీ రకాల్లో లోపలి దారి మూసి ఉండదు, ప్యానెల్ మీద దుమ్ము చేరి తెర మీద బూడిద మచ్చలా కనిపిస్తుంది. కొనేటప్పుడు ‘సీల్డ్ ఇంజిన్’ అని ఉందేమో చూడండి. ల్యాంప్ ఉన్నదానికి చిన్న యూపీఎస్ పెట్టండి. కరెంటు పోయినప్పుడు ఫ్యాన్ కూడా టక్కున ఆగిపోతే ల్యాంప్ చల్లారకుండా వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది.

అమెరికాలో ఉన్న అన్నయ్య వస్తూ తెస్తానంటున్నాడు. తెప్పించుకోవచ్చా?

వోల్టేజీ భయం అక్కర్లేదు. చాలావాటికి 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేసే పవర్ సప్లయ్ ఉంటుంది, లేబుల్ మీద చదివించండి. అడ్డొచ్చేది వారంటీ. చాలా బ్రాండ్లకి అక్కడి వారంటీ ఇక్కడ చెల్లదు, రిపేరుకి మళ్లీ అక్కడికే పంపాలి. ఇక్కడ కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి ప్రొజెక్టర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి, కస్టమ్స్ కూడా కలుపుకుని ఒకసారి లెక్క వేశాకే అన్నయ్యకి చెప్పండి.

సెకండ్ హ్యాండ్‌లో ఏదైనా కోచింగ్ సెంటర్, ఆఫీసు ప్రొజెక్టర్ తీసుకోవచ్చా?

వాటిలో చాలావాటి నేటివ్ రిజల్యూషన్ 1024 ఇంటూ 768. పాఠాలకి చేసినవి, బొమ్మ 4:3లో వస్తుంది. వెలుగు దండిగా ఉన్నా సినిమాకి బాగోదు. 1080పీ దొరికితే మాత్రం మెనూలో ల్యాంప్ గంటలు చూడండి. కొత్త ల్యాంప్ వేశాక ఆ లెక్క సున్నా చేస్తారు కాబట్టి మొత్తం వాడిన గంటలు వేరే వరసలో ఉన్నాయేమో వెతకండి. పూర్తి నల్లటి బొమ్మ వేసి తెల్ల చుక్కలున్నాయేమో చూడండి, డీఎల్‌పీ చిప్‌లో అద్దాలు ఇరుక్కుపోయినప్పుడు అలా వస్తాయి. పూర్తి తెల్లటిది వేసి ఎక్కడైనా పసుపు పట్టిందేమో చూడండి, అది ఎల్‌సీడీ రకాల జబ్బు. అరగంట ఆడించి ఫ్యాన్ మోత వినండి. ఆన్ చేయగానే పిన్ అడిగి, అమ్మేవాడు గుర్తులేదంటే డబ్బు జేబులోనే ఉంచుకుని వచ్చేయండి.